ఉప్పు చూసేవాడు

సెప్టెంబరు 23

పైన 158, కింద 96. డాక్టర్ వెస్నా మూడోసారి కూడా చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే నాకు ఎర్రదీపం వెలిగినట్టే.

"ఇలియా గారూ, మూడు నెలలు టైమిస్తున్నా. రోజు మొత్తానికీ చెంచాడు ఉప్పు మించకూడదు, అదీ రొట్టెలో ఉన్నదాంతో కలిపి. సారా బంద్. రోజూ అరగంట నడవండి. ఓ ఆరు కిలోలు తగ్గండి. పొద్దునా సాయంత్రం బీపీ చూసుకుని పుస్తకంలో రాయండి. డిసెంబరు ఇరవైమూడున ఆ పుస్తకం పట్టుకుని రండి. తగ్గకపోతే మాత్రలు మొదలెడదాం."

"ఆ మాత్రలేవో ఇప్పుడే ఇచ్చేస్తే ఈ గోలంతా ఉండదు కదా, డాక్టరమ్మా?"

"మాత్రలు మింగినా ఈ గోల తప్పదు."

నా భార్య యాన్యా పక్కనే ఉంది. ఈ ఒక్క ముక్క ఇల్లు చేరేదాకా జపం చేసింది. రాగానే వంటింటి వెనక సామాన్ల గదికి తాళం వేసి, తాళంచెవి మెడలో సిలువ పక్కన వేలాడదీసుకుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా మీద కుదిరిన నమ్మకం అది.

డాక్టరు పుస్తకం ఫ్రిజ్ పైన ఉంటుంది. యాన్యా చదువుతుంది కాబట్టి దాన్లో అంకెలే రాస్తాను. ఇది వేరు. ఇది రైల్వే గేటు రిజిస్టరు. గేటుకి మనిషి బదులు యంత్రం పెట్టిన రోజున నేను రిటైరయ్యాను. సగం ఖాళీగా మిగిలిన రిజిస్టరు ఎవరూ అడగలేదు. బండి నంబరు, వచ్చిన వేళ, సంతకం అని గళ్ళున్నాయి. గళ్ళ మీదుగా రాసుకుపోతున్నాను. మొక్కజొన్న గాదెలో దాస్తాను. యాన్యాకి ఎలుకలంటే భయం, గాదె వైపు రాదు. ఎలుకల బోను రెండేళ్ళ క్రితం అన్నయ్య ఆంతూన్ అడిగి పట్టుకెళ్ళాడు. మళ్ళీ ఇవ్వలేదు.

ఆంతూన్ ఈ మార్చిలో పోయాడు. పందులకి కుడితి బకెట్ పట్టుకెళుతూ పెరట్లో పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ఆయనకి అరవై ఆరు. నాకు అరవై రెండు. యాన్యా నా వంక చూసినప్పుడల్లా ఆయన్నే చూస్తోంది. నాకు కోపం వస్తోంది. భయం కూడా.

సెప్టెంబరు 24

163/98. పట్టీ చుట్టిన దగ్గర్నుంచి ఊడదీసేదాకా యాన్యా మాట్లాడుతూనే ఉంది. ఈ అంకెలో కొంత వాటా ఆమెది.

సెప్టెంబరు 27

బీపీ చూసుకోవడానికి కూడా పద్ధతి ఉందట. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు. పట్టీ స్వెట్టరు మీద కాదు, ఉత్త చేతికి. ముందు అరగంట కాఫీ తాగకూడదు. మాట్లాడకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి, యేసు పటం కింద అంటించింది.

మధ్యాహ్నం బీన్స్ చారు చేసింది. పంది మాంసం ముక్క లేదు, ఉప్పు లేదు. బదులుగా నిమ్మకాయ, వాము ఆకు, వెల్లుల్లి. నా ముందు గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తోంది.

"ఎలా ఉంది?"

"ఆవుకి పెట్టి చూడు, అదే చెబుతుంది."

ఏడ్చింది. నేను గిన్నె మొత్తం తిన్నాను. బుద్ధి ఉంటే ముందే తినేవాణ్ణి.

అక్టోబరు 2

నడక. ఇంటి నుంచి పాత గేటు దాకా, తిరిగి ఇంటికి. కుక్క షార్కో ముందు, నేను వెనక. గేటు గది తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది, అదీ ఎవరూ అడగలేదు. లోపల బల్ల ఉంది, ఇనప పొయ్యి ఉంది. కాసేపు కూర్చున్నాను. బండి వచ్చింది. గేటు దానంతటదే పడింది, దానంతటదే లేచింది.

పదకొండో నెల వస్తోంది. పందికోతలు మొదలవుతాయి. నా భయం అసలు అదే, ఇక్కడైనా రాసుకోవాలి. మా వీధిలో ఎవరింట్లో పందిని కోసినా, సాసేజిలకి రుబ్బిన మాంసం చెక్క తొట్టిలో వేసి, మిరప్పొడి, వెల్లుల్లి కలిపాక, ఉప్పు చూసేది మా ఇంటి మనిషే. తూకం లేదు, కొలత లేదు. గుప్పిట్లో ఉప్పు, నాలుక మీద ముద్ద. మొదట నాన్న, తరవాత ముప్పై ఏళ్ళు ఆంతూన్. ఆయన పక్కన నిలబడి రెండో రుచి చూసింది నేను. "సరిపోయింది" అని మేమన్నాక ఇంకెవరూ చిటికెడు కూడా వేయరు. ఆ మాంసం చిమ్నీ పొగలో వేలాడి, ఇంటిల్లిపాదికీ ఎండాకాలం దాకా రావాలి. ఉప్పు తగ్గితే కుళ్ళిపోతుంది.

ఈ ఏడు ఆంతూన్ లేడు. మొదటిసారి నేనొక్కణ్ణే చూడాలి. రైల్వేలో ముప్పై ఏడేళ్ళు చేశాను, యంత్రం వచ్చి నా కుర్చీ తీసేసింది. ఇది మాత్రం యంత్రం చేసే పని కాదు. నాకు మిగిలింది ఇదొక్కటే.

అక్టోబరు 5

దొరికిపోయాను. పొగబెట్టిన పంది కొవ్వు ముక్క షెడ్డులో పాత బూటులో దాచుకున్నాను. షార్కో ఆ బూటుని తెచ్చి యాన్యా కాళ్ళ దగ్గర పెట్టింది. పెంచిన కుక్కే!

అక్టోబరు 9

మూడుసార్లు చూసుకున్నాను. 159, 156, 149. డాక్టరు పుస్తకంలో 149 రాశాను. అబద్ధం కాదు కదా, అది కూడా వచ్చిన అంకే.

అక్టోబరు 21

144/90. ఇది అసలు అంకె. నాలుగు కిలోలు తగ్గాను. గేటు దాకా వెళ్ళొచ్చినా ఆయాసం లేదు. యాన్యా ఇవాళ పాటేదో పాడుతూ బట్టలారేసింది. చూడ్డానికి హాయిగా ఉంది, ఆమెకు చెప్పలేదు.

అక్టోబరు 28

రొట్టెల కొట్టువాడితో పోట్లాట. ఈమధ్య రొట్టెలో ఉప్పు దట్టిస్తున్నాడు.

"మార్చలేదు మావయ్యా. పదకొండేళ్ళుగా అదే లెక్క," అన్నాడు.

"అయితే నీ లెక్క తప్పింది."

నవంబరు 11

మార్టిన్ పండుగ. యాన్యా తమ్ముడు స్టీపో ఇంట్లో బాతు మాంసం, కొత్త వైను. నాకు వైను ఒక్క గుక్క. చారు నోట్లో పెట్టుకోగానే ఊరగాయ జాడీలో మూతి పెట్టినట్టయింది. వాళ్ళందరూ లొట్టలేస్తూ తాగుతున్నారు.

"ఏం బావా, మా ఇంటి చారు దిగట్లేదా?"

"మీ ఆవిడ చెయ్యి జారినట్టుంది రా."

వాడి పెళ్ళాం మొహం మాడింది. యాన్యా నా వంక అదోలా చూసి, కళ్ళు దించుకుంది. ఈమధ్య ఊళ్ళో అందరి చెయ్యీ ఉప్పు మీదే పడుతోంది. ఇలా తింటే వీళ్ళందరికీ బీపీ రాక ఏమవుతుంది?

138/86.

నవంబరు 19

వదిన మాండా వచ్చింది. ఆంతూన్ భార్య. పక్కిల్లే. ఆయన పోయాక ఒక్క పందినే పెంచుకుంది. ముప్పయ్యో తారీఖున కోత పెట్టుకుందట.

"ఉప్పు నువ్వే చూడాలి ఇలియా. మీ అన్న స్థానం."

సరేనన్నాను.

నవంబరు 30

రాయాలి. వరసగా రాయాలి.

పొద్దున్నే మంచు పడుతుందనుకుంటే పొగమంచు కమ్మింది. సావా నది వైపు నుంచి తడిగాలి. చలి లేదు. స్టీపో పందిని కోశాడు, మేం నలుగురం పట్టుకున్నాం. ఆడవాళ్ళు పేగులు కడిగారు. పదింటికి మాంసం రుబ్బడం అయింది, నలభై కిలోలు. తొట్టిలో పోశారు. మిరప్పొడితో ఎర్రబడింది. అందరూ చేతులు తుడుచుకుని, తొట్టి చుట్టూ నిలబడి నా వంక చూశారు. ఆంతూన్ నిలబడే చోట నేను నిలబడ్డాను.

ఒక గుప్పెడు వేశాను. ఇంకొకటి. వేస్తూ, కలుపుతూ. ఒక ముద్ద పెనం మీద వేయించి ఇచ్చారు. చాలలేదు. మళ్ళీ వేశాను. ఈసారి ముద్ద నాలుక మీద పెట్టుకోగానే తెలిసింది. ఘాటుగా, నిండుగా ఉంది.

"సరిపోయింది," అన్నాను.

స్టీపో కూడా ఓ ముద్ద నోట్లో వేసుకుని నమిలాడు. "బావా, ఇంకో రెండు గుప్పిళ్ళు పడాలేమో?" నా చెవిలో కాదు, అందరికీ వినపడేలా.

"నీ నాలుక సారాలో నానిపోయింది. నీకేం తెలుస్తుందిరా?"

"సరే, నువ్వే చూడు. ఉప్పూ కారం తినే మనిషివే కదా." కాసేపాగి, "అయ్యో, కారం ఒక్కటే కదూ!"

నవ్వులు. యాన్యా కూడా నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది. నా చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళు ఆంతూన్ పక్కన నిలబడినవాణ్ణి, నా ముందు ఈ కుర్రకుంక! వాడికి యాభై నాలుగు, అయినా కుర్రకుంకే.

"సరిపోయిందన్నానా!"

మాండా వదిన తొట్టిలోకి చూసింది. పక్కనున్న ఉప్పు సంచీ చేత్తో ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"ఇలియా సరిపోయిందంటే సరిపోయినట్టే," అంది. "పేగులు తెండి."

ఆ మాటకి ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

డిసెంబరు 1

132/84. రెండు చేతులా చూశాను. రెండింటా అదే. అటు ఉప్పూ చూశాను, ఇటు బీపీ దించాను. ఆంతూన్ చూస్తూ ఉంటే బాగుండేది.

డిసెంబరు 6

పొగమంచు. వాన తుంపర. చలి ఇంకా రాలేదు.

పొగ పట్టిన మొదటి సాసేజిలు ఒక జత ఉప్పు చూసినవాడి ఇంటికి పంపాలి. అది మర్యాద. మాండా వదిన పంపలేదు. మరిచిపోయి ఉంటుంది. అడగడం బాగుండదు.

డిసెంబరు 9

దారిలో కనపడితే అడిగాను, మాంసం ఎలా ఉందని.

"బాగానే ఉంది నాయనా," అంది. ఆగకుండా వెళ్ళిపోయింది.

పంపలేదు. సరే. ఒంటరి మనిషి, పొదుపు.

డిసెంబరు 12

నడక నుంచి వస్తుంటే వదిన తోటలో, చివరి ప్లమ్ చెట్టు వెనక గడ్డపారతో తవ్వుతోంది. మోకాలి లోతు గొయ్యి.

"ఏం వదినా?"

"వెల్లుల్లి నాటుతున్నా."

ఇప్పుడు వెల్లుల్లి ఏమిటి, అది కూడా మోకాలి లోతునా? ఆంతూన్ ఉంటే అక్టోబరులోనే నాటేవాడు. పాపం, చూసేవాళ్ళు లేరు. వచ్చే ఏడు నేనే నాటిపెడతాను.

డిసెంబరు 13

లూసియా పండుగ. క్రిస్మస్ నాటికి మొలకెత్తాలని యాన్యా పళ్ళెంలో గోధుమలు చల్లి కిటికీ దగ్గర పెట్టింది.

షార్కో నోట కరచుకుని ఏదో తెచ్చింది. మట్టి కొట్టుకుపోయిన సాసేజి. పులిసిన కంపు. లాక్కుని గోడ అవతలికి విసిరేశాను. ఎవరిదో.

డిసెంబరు 14

ఈ ఏడు చలి లేదు. తడిగాలి. ఇలాంటి గాలికి ఎవరి మాంసమైనా నిలవదు.

డిసెంబరు 15

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. నిన్న రాసింది చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున చర్చి నుంచి వచ్చాక యాన్యాని పాత పద్ధతిలో చారు చేయమన్నాను, నేను తినను, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తానని ఒట్టేశాను. చేసింది. నాకు ఉప్పుకషాయంలా ఉంది. ఆమెకు మామూలుగానే ఉంది. రొట్టెల కొట్టువాడి లెక్క తప్పలేదు. స్టీపో పెళ్ళాం చెయ్యి జారలేదు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"మార్టిన్ పండుగ నాడే తెలిసింది."

"మరి కోత రోజు నోరెందుకు విప్పలేదు?"

"నీ నాలుక మారిందంటే నువ్వు చేసే మొదటి పని ఏమిటో నాకు తెలుసు కాబట్టి."

తెలుసు. నాకూ తెలుసు. ఇరవయ్యొకటిన, తోమా పండుగ నాడు, మా ఇంట్లోనే కోత. "తోమా వచ్చె, పందికి చావు తెచ్చె" అని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నదే. వీధి వీధంతా వస్తుంది. నాలుక లేకుండా ఆ తొట్టి ముందు ఎలా నిలబడను? తక్కెడ పెట్టి తూస్తే నవ్వరా? నాన్న నాలుక, ఆంతూన్ నాలుక నా దగ్గరికొచ్చి అంగట్లో తక్కెడ కావాలా?

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. బీపీ దిగితే నాలుక పోతుంది. నాలుక కావాలంటే బీపీ ఎక్కాలి. ఆరు రోజులుంది.

డిసెంబరు 16

నడకని చెప్పి బయల్దేరి, కొట్లో అర కిలో ఉప్పు, ఒక పొగ కొవ్వు ముక్క కొని గేటు గదిలో కూర్చుని తిన్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మందులాగా తిన్నాను.

సాయంత్రం 146/90. డాక్టరు పుస్తకంలో 132/84.

డిసెంబరు 17

కొవ్వు, ఉప్పు, ఊరబెట్టిన క్యాబేజీ కూడా. 158/96. పుస్తకంలో 134/84.

డిసెంబరు 18

171/102. తల వెనక బరువు. పుస్తకంలో 130/82.

రొట్టె ఇంకా ఉప్పగానే ఉంది. మూడు నెలలు పట్టింది దించడానికి, మూడు రోజుల్లో ఎక్కేసింది. నాలుక మాత్రం రావట్లేదు. ఇదెక్కడి న్యాయం?

డిసెంబరు 19

ఇవాళ జరిగింది ఒక్క ముక్క కూడా వదలకూడదు.

గేటు గదిలో కొవ్వు కోసుకుంటున్నాను. తలుపు తెరుచుకుంది. మాండా వదిన. గురువారాల్లో ఆంతూన్ సమాధికి కొవ్వొత్తి పట్టుకెళుతుంది, శ్మశానం గేటు దాటాకే. బయట షార్కోని చూసి ఆగిందట. కత్తి, కొవ్వు, కాగితంలో పోసిన ఉప్పు, అన్నీ చూసింది. గోడకు ఆనుకుంది.

"నువ్వూనా?" అంది.

కత్తి కింద పెట్టాను. "వదినా, నీ మాంసం పాడుచేశాను."

"చేశావు."

"అంతా పోయిందా?"

"అంతా."

"నన్ను పిలిచి నాలుగు తిట్టొచ్చుగా! వెల్లుల్లి అంటావా? ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఎందుకంటే, మీ అన్నకి చెప్పాను."

అర్థం కాలేదు. ఆమె వచ్చి నా ఎదుట బల్ల మీద కూర్చుంది. కొవ్వొత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"రెండేళ్ళ క్రితం ఇదే డాక్టరు ఆయన్నీ ఉప్పు మానమంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మానాడు. నీలాగే చిక్కాడు. గురక పోయింది. మొహం తేటపడింది, పెళ్ళినాటి మొహం. ఆ ఏడు మొదటి కోత మాదే, నువ్వు గేటు డ్యూటీలో ఉండి రాలేదు. మూడు వారాల్లో మాంసం పులిసిపోయింది."

"ఎలుకలు తిన్నాయన్నాడు. నా బోను కూడా తీసుకెళ్ళాడు."

"ఎలుకలే! ఉప్పు చూసేవాడి ఇంట్లో మాంసం కుళ్ళిందని చెప్పుకుంటాడా? నేనైనా నోరు మూసుకోవచ్చుగా. మూసుకోలా. 'ఏమయ్యా, నీ నాలుక చచ్చింది, ఇంక తూచి వెయ్యి' అన్నాను. అంతే ఇలియా. మర్నాటి నుంచి సామాన్ల గదిలో నిలబడి ఉప్పు నాకాడు. నేను చూశాను. అరిచాను. తాళం వేశాను. ఇంకో చోట నాకాడు. పోయిన ఏడు వీధిలో ఎవరి మాంసమూ చెడలేదు, అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. తరవాత మార్చి వచ్చింది."

బండి వచ్చింది. గేటు పడింది. బండి పోయింది, గేటు లేచింది.

"ఆ రోజు ఉప్పు సంచీ ఎత్తి చూడగానే నాకు తెలిసిపోయింది," అంది. "ప్రతి ఏడూ ఉప్పు సంచీ తూచేదాన్ని, ఆయనకి తెలియకుండా. కోతకి ముందోసారి, తరవాత ఓసారి. సరదాకి మొదలెట్టాను, అలవాటైపోయింది. ఎప్పుడు చూసినా కిలోకి ఇరవై రెండు గ్రాములు. గ్రాము అటూ ఇటూ కాదు. ఏం నాలుక ఇలియా అది! చెడిపోయిన ఏడు మాత్రం పద్నాలుగు. నువ్వు నాకు వేసింది పదమూడు."

"తెలిసీ పేగులు తెమ్మన్నావా?"

"చలి పడితే నిలుస్తుందేమో అనుకున్నా. పడలేదు. పోనీ. పంది పోతే ఇంకో పంది. నిన్ను నలుగురిలో ఆపితే నువ్వేం చేసేవాడివో..." నా ముందున్న ఉప్పు వైపు చెయ్యి చూపించింది. "ఇదిగో, ఇదే చేసేవాడివి. ఒకణ్ణి పూడ్చాను. సాసేజిలు పూడ్చడం నాకొక లెక్కా?"

నేను ఏడ్చాను. అన్నయ్య పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు. ఆమె నా తల మీద చెయ్యి వేయలేదు, ఓదార్చలేదు. ఉప్పు కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది, కొవ్వు ముక్క షార్కోకి విసిరింది. కొవ్వొత్తి తీసుకుని శ్మశానం వైపు వెళ్ళిపోయింది.

డిసెంబరు 20

174/102. యాన్యాకి అన్నీ చెప్పేశాను. గేటు గది, ఉప్పు, పుస్తకంలో రాసిన దొంగ అంకెలు. అరుస్తుందనుకున్నాను. మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంక నీ ఇష్టం. ముప్పై ఏడేళ్ళు గేటు కాశావు, నీ నోటికి నేను కాపలానా? అలిసిపోయాను ఇలియా."

వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. ఉప్పు ఆపెయ్యమని, కదలకుండా ఉండమని, తల తిరిగినా చూపు మసకబారినా మాట తడబడినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి పొమ్మని, అవేవీ లేకపోతే సోమవారం రమ్మని ఆవిడ చెప్పిందట.

తాళంచెవి ఇంకా బల్ల మీదే ఉంది. ఇద్దరం దాని పక్కనే భోంచేశాం. ఉప్పులేని బంగాళాదుంపలు, మిరియాలు.

డిసెంబరు 21

చలి పడింది. రాత్రి నీళ్ళ తొట్టి గడ్డకట్టింది.

నన్ను పందిని పట్టుకోనివ్వలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పదకొండింటికి తొట్టి నిండింది. నలభై రెండు కిలోలు. అందరూ చేతులు తుడుచుకుని నిలబడ్డారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, యాన్యా కేకులకి వాడే తక్కెడ పట్టుకొచ్చి తొట్టి పక్కన పెట్టాను. నీలం రంగుది, పూల బొమ్మలున్నది.

స్టీపో ఈల వేశాడు.

"ఏంటి బావా, పెళ్ళి కేకు చేస్తున్నామా?"

"నా నాలుక చెడింది రా. ఉప్పు మానాను కదా, ఇప్పుడు ఏది తిన్నా ఉప్పగానే ఉంటోంది. వదిన మాంసం కుళ్ళబెట్టింది నేనే. నువ్వు చెప్పావు, నేను వినలేదు."

ఇంత పొడుగు మాట నేను నలుగురిలో ఎప్పుడూ అనలేదు. నేను తూచాను. తొమ్మిది వందల ఇరవై నాలుగు గ్రాములు. గిన్నెలో ఉప్పు కుప్ప చూశాను. ఇంత ఉప్పా! పారబోసెయ్యమని ఒళ్ళంతా చెబుతోంది. తలెత్తితే ఎదురుగా మాండా వదిన ఉంది. తల ఊపింది. మొత్తం తొట్టిలో కుమ్మరించాను.

కలిపారు. ముద్ద వేయించి, అలవాటు చొప్పున ముందు నాకే ఇచ్చారు. నోట్లో పెట్టుకున్నాను. సముద్రం మింగినట్టుంది. ఇది తప్పు, ఇది తప్పు అని నా నాలుక అరిచింది.

"సరిపోయింది," అన్నాను.

షెడ్డు వెనక్కి వెళ్ళి ఉమ్మేశాను. వచ్చేసరికి స్టీపో ముద్ద నమలుతూ నిలబడిపోయాడు. నమలడం ఆపేశాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"అచ్చం ఆంతూన్ బావ ఉప్పే," అన్నాడు.

మాండా వదిన తలగుడ్డ కొస మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

డిసెంబరు 22

పొద్దున సగం సాసేజిలు, ఒక తొడ మాంసం బండి మీద వేసుకుని వదిన ఇంటికి తోసుకెళ్ళాం, యాన్యా, నేనూ. వద్దంది. వద్దంటూనే అటక తలుపు తెరిచింది. ఖాళీ కర్రలకి ఒక్కొక్కటే వేలాడదీశాం.

బయల్దేరుతుంటే ఆగమని లోపలికి వెళ్ళి నా ఎలుకల బోను తెచ్చిచ్చింది.

"రెండేళ్ళుగా ఇవ్వాలనుకుంటూనే ఉన్నా," అంది.

ఇంటికొచ్చి చూశాను. స్ప్రింగు మీద నేను రాసిన గ్రీజు అలాగే ఉంది. ఎర కొక్కెం మెరుస్తోంది. దాన్ని ఒక్కసారి కూడా పెట్టలేదు. గాదెలో నాకు అవసరమున్నా, అక్కడ పెట్టబుద్ధి కాలేదు. మేకుకి తగిలించాను.

డిసెంబరు 23

యాన్యా కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాత్రలు రాస్తుంది. మింగుతాను.

ఫ్రిజ్ మీది డాక్టరు పుస్తకం దించి, మొదటి నుంచి ఒక్కో దొంగ అంకె కొట్టేసి, ఈ రిజిస్టరు చూసి అసలువి ఎక్కించాను. పేజీ అంతా కొట్టివేతలే. చివరికి అయిదు నిమిషాలు కూర్చున్నాను, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి. యాన్యా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

154/94. అక్కడా అదే రాశాను.